సముద్ర రక్షణ చలనచిత్రం - హైదరాబాదు పేరు మోసిన స్క్వాడ్రన్: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

1954లో విడుదలైన ‘ద సీ షల్ నాట్ హావ్ దెమ్’ బ్రిటిష్ వాయుసేనలోని సముద్ర రక్షక సిబ్బందిని కథాకేంద్రంగా నిలిపిన చలనచిత్రం. ఆ రక్షణ వ్యవస్థ ఏర్పడక మునుపు, 1940లో, ఇంగ్లీష్ చానెల్‌లో కూలిన పైలట్ల స్థితిని హైదరాబాదు పేరు గల 152వ స్క్వాడ్రన్ చరిత్ర ఆధారంగా పరిశీలించడం, చిత్రం చెప్పినదానిని, చెప్పక విడిచినదానిని గుర్తించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: చలనచిత్రం, సముద్ర రక్షణ, 152వ స్క్వాడ్రన్, నిజాం, హైదరాబాదు, రెండవ ప్రపంచ యుద్ధం.

1. ఉపోద్ఘాతం:

మహేశ్వరం నుండి సముద్రం సుమారు మూడు వందల కిలోమీటర్ల దూరం. అయినా పక్కనే ఉన్న శంషాబాదు విమానాశ్రయంలో విమానం ఎక్కిన ప్రయాణికునికి నేల విడువక ముందే సముద్రం గుర్తుకు తెస్తారు. సీటు కింద ఉండే లైఫ్ జాకెట్‌ను ఎట్లా తొడుక్కోవాలో, ఏ తాడు లాగితే గాలి నిండుతుందో విమాన సిబ్బంది అభినయించి చూపుతారు. ఎవరూ శ్రద్ధగా చూడని ఆ రెండు నిమిషాల ప్రదర్శనకు వెనుక ఒక చరిత్ర ఉంది. విమానం సముద్రంలో కూలితే అందులోని మనిషిని వెదకి తేవడం ఒక వ్యవస్థ బాధ్యత అన్న భావన పుట్టుకతో వచ్చినది కాదు. అది చాలా మరణాల తరువాత కుదురుకొన్న భావన. ఆ మరణాలలో కొన్ని హైదరాబాదు పేరు ధరించిన ఒక యుద్ధవిమాన దళానివి కావడం మన ప్రాంత చరిత్రతో దానికి ఉన్న సంబంధం.

సినిమాను చారిత్రక ఆధారంగా స్వీకరించేటప్పుడు రెండు ప్రశ్నలు వేయవలసి ఉంటుంది. అది ఏ కాలాన్ని చూపుతున్నది? ఏ కాలంలో నిలబడి చూపుతున్నది? ప్రస్తుత చిత్రం విషయంలో మొదటిదానికి సమాధానం 1944, రెండవదానికి 1954. ఈ రెండు సంవత్సరాల కంటె ముందున్న 1940 చిత్రంలో ఎక్కడా లేదు. నా దృష్టిలో ఆ లేని సంవత్సరమే ఈ చిత్రానికి అసలు పునాది.

2. చిత్రకథ - నిర్మాణం:

జాన్ హారిస్ 1953లో ప్రచురించిన నవల ఈ చిత్రానికి మూలం. దర్శకుడు లూయిస్ గిల్బర్ట్. మైకేల్ రెడ్‌గ్రేవ్, డర్క్ బొగార్డ్, ఆంథొనీ స్టీల్, నైజెల్ పాట్రిక్ ముఖ్య పాత్రధారులు. ‘ద క్రూయల్ సీ’ (1953), ‘ద డామ్ బస్టర్స్’ (1955) వంటి యుద్ధచిత్రాలు బ్రిటన్‌లో వరుసగా వెలువడిన కాలమది. గిల్బర్ట్ తానే 1956లో ‘రీచ్ ఫర్ ద స్కై’ తీశాడు. యుద్ధం ముగిసి పదేళ్లు నిండని సమాజం తన గెలుపును తానే తెరమీద తిరిగి చూసుకొంటున్న దశగా దీనిని అర్థం చేసుకోవచ్చు.

కథ చాలా చిన్నది. 1944లో ఐరోపా ప్రధాన భూభాగం నుండి తిరిగి వస్తున్న ఒక హడ్సన్ విమానం శత్రువుల దాడికి గురై ఉత్తర సముద్రంలో దిగుతుంది. నలుగురు గాలి నింపిన రబ్బరు పడవలోకి చేరతారు. వారిలో ఒకడు ఉన్నతాధికారి. అతని చేతిసంచిలో శత్రువుల రహస్య పత్రాలు ఉన్నాయి. మరొకవైపు వారిని వెదకడానికి 2561 సంఖ్య గల హైస్పీడ్ లాంచీ బయలుదేరుతుంది. దాని ఇంజన్లు మొరాయిస్తాయి. వంటగదిలో మంటలు రేగుతాయి. వాతావరణం అంతకంతకు విషమిస్తుంది. చివరకు శత్రు తీరంలోని ఫిరంగుల దెబ్బకు అందేంత దగ్గరలో రక్షణ జరుగుతుంది.

ఈ కథలో చెప్పుకోదగిన అంశం నాయకత్వాన్ని ఎవరికి ఇచ్చారన్నది. సాధారణంగా యుద్ధచిత్రంలో నాయకుడు శత్రువును పడగొట్టేవాడు. ఇక్కడ కథను నడిపేవారు ఎవరినీ చంపడానికి బయలుదేరలేదు. వారు వాయుసేన దుస్తులు ధరించిన నావికులు. వాయుసేన వారిని పడవవాళ్లుగా చూసింది, నౌకాదళం తనవారిగా లెక్కించలేదు. వారి దైనందిన జీవితమంతా నిరీక్షణ. ఇంజను శుభ్రం చేయడం, టీ కాయడం, పైఅధికారి మందలింపులు వినడం, పిలుపు వస్తే బయలుదేరడం. నైజెల్ పాట్రిక్ పోషించిన ఫ్లైట్ సార్జంట్ సింగ్స్‌బీ పాత్ర ఈ నిరీక్షణకు క్రమశిక్షణ రూపం ఇస్తుంది. అతని కాఠిన్యం మొదట చిరాకు కలిగించినా, పడవ కష్టంలో పడ్డప్పుడు అదే సిబ్బందిని ఒక్కటిగా నిలుపుతుంది. చిత్రంలో బాగా పండిన పాత్ర ఇదే. రహస్యపత్రాల సంచి మాత్రం నాకు అనవసరంగా తోస్తుంది. నలుగురు మనుషులు నీటిలో ఉన్నారన్న సంగతి చాలదన్నట్లు, వారి ప్రాణాలకు యుద్ధప్రయోజనం అనే అదనపు విలువను కథకుడు జోడించాడు. ఆ సంచి లేకున్నా లాంచీ బయలుదేరేదే. చిత్రం పేరు చేసిన వాగ్దానం కూడా అదే కదా.

ఆ పేరు రచయిత కల్పన కాదు. బ్రిటిష్ వాయుసేన సముద్ర రక్షణ విభాగం తనకు తాను పెట్టుకొన్న నినాదం. ‘సముద్రం వారిని తీసుకోజాలదు’ అని దాని భావం. ఇటువంటి మాటను ఒక సైనిక విభాగం ప్రతిజ్ఞగా ఎత్తుకొన్నదంటే, అంతకు ముందు సముద్రం చాలామందిని తీసుకొని ఉండాలి.

3. హైదరాబాదు పేరు విమానాలపైకి ఎక్కిన తీరు:

బ్రిటిష్ వాయుసేనలో హైదరాబాదు పేరు గల స్క్వాడ్రన్లు మూడు: 110, 152, 253. మొదటి ప్రపంచ యుద్ధం చివరి దశలో, 1918లో, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 110వ స్క్వాడ్రన్‌కు డి.హెచ్.9ఎ రకపు బాంబరు విమానాలను బహూకరించాడు. ప్రతి విమానంపైన దాత పేరు, హైదరాబాదు అన్న పేరు, వరుస సంఖ్య రాయించారు. వాటిలో ఒకటి 1918 అక్టోబరులో జర్మనీ భూభాగంలో చిక్కుబడి, చేతులు మారి, పోలండ్ చేరి, 1977లో బ్రిటన్‌కు తిరిగివచ్చింది. నేడు అది లండన్ హెండన్‌లోని వాయుసేన మ్యూజియంలో ‘హైదరాబాద్ నెం. 12ఎ’ అన్న అక్షరాలతో నిలిచి ఉంది. ఆ విమానాలు పోరాడిన 1918లోనే నిజాముకు బ్రిటిష్ ప్రభుత్వ ‘విశ్వసనీయ మిత్రుడు’ అన్న బిరుదు దక్కింది.

రెండవ యుద్ధం మొదలైనప్పుడు 1939 అక్టోబరులో పునరుద్ధరించిన 152వ స్క్వాడ్రన్‌కు హైదరాబాదు పేరు పెట్టారు. దాని చిహ్నం నిజాం తలపాగా. దాని నినాదం ఆ బిరుదే: ‘విశ్వసనీయ మిత్రుడు’. హరికేన్ విమానాలు నడిపిన 253వ దళం ‘హైదరాబాద్ స్టేట్’ స్క్వాడ్రన్ అనిపించుకొంది.

ఈ బహుమానాల గురించి హైదరాబాదు నగర చరిత్ర ప్రియులు గర్వంతో చెప్పుకోవడం పరిపాటి. ఆ గర్వాన్ని పూర్తిగా తోసిపుచ్చలేము గాని, అందులో ఒక పాత్ర ఎప్పుడూ తప్పిపోతుంది. సంస్థానపు రాబడికి మూలం పన్ను కట్టిన రైతు. నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా నిజాం సొంత వ్యయానికి ఆదాయం సమకూర్చే సర్ఫ్-ఎ-ఖాస్ భూభాగం. శంషాబాదు పేరులో పాయగా ప్రభువుల వంశస్థుని బిరుదు, షంసుల్ ఉమ్రా, ఇప్పటికీ వినబడుతుంది. జాగీర్లు, సర్ఫ్-ఎ-ఖాస్ గ్రామాలు అల్లుకొని ఉన్న ఈ నేలలో దున్నుకొని బతికినవారికి, తమ ఊళ్ల రాజధాని పేరు ఏదో దూరదేశపు ఆకాశంలో ఎగురుతున్నదన్న సంగతి తెలిసి ఉంటుందని అనుకోవడానికి వీల్లేదు. 152వ స్క్వాడ్రన్ పైలట్లు నిజాం తలపాగా చిహ్నం కింద పోరాడిన 1940లోనే ఆదిలాబాదు అడవుల్లోని జోడేఘాట్‌లో కొమురం భీము నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగాడు. ఈ రెండింటికీ కార్యకారణ సంబంధం లేదు. కాని విశ్వసనీయ మిత్రత్వం అన్న మాటను ఎవరి వైపు నుండి చదవాలన్న ప్రశ్న మాత్రం లేస్తుంది.

4. 1940: రక్షణ లేని సముద్రం:

1940 జూలైలో 152వ స్క్వాడ్రన్ దక్షిణ ఇంగ్లండ్ డోర్సెట్ తీరానికి సమీపంలోని వార్మ్‌వెల్ స్థావరానికి తరలింది. పోర్ట్‌లాండ్ నౌకాస్థావరాన్ని కాపాడడం దాని ముఖ్యమైన పని. కనుక దాని స్పిట్‌ఫైర్‌లు తరచుగా ఇంగ్లీష్ చానెల్ మీదనే పోరాడవలసి వచ్చింది. భూమి మీద విమానం దెబ్బతింటే పైలట్ పారాచూట్‌తో పొలంలో దిగి, ఆ సాయంత్రానికే స్థావరానికి చేరవచ్చు. సముద్రం మీద దిగినవాని స్థితి వేరు. ఒంటరి యుద్ధవిమాన పైలట్‌కు అప్పటికి రబ్బరు పడవ ఇవ్వలేదు. ఉన్నది హాలీవుడ్ నటి మే వెస్ట్ పేరుతో పైలట్లు పరిహాసంగా పిలుచుకొన్న లైఫ్ జాకెట్ ఒక్కటే. అది మనిషిని తేల్చుతుంది గాని చలి నుండి కాపాడదు. ఇంగ్లీష్ చానెల్ నీరు వేసవిలోనూ చల్లనిదే. పైనుండి చూసేవానికి అలల మధ్య ఒక తల కనబడడం దాదాపు అసాధ్యం.

ఈ స్క్వాడ్రన్‌కు చెందిన మూడు తేదీలను వరుసగా చూద్దాం. జూలై 25న ఫ్లైట్ లెఫ్టినెంట్ డీన్స్‌లీ విమానం పోర్ట్‌లాండ్‌కు దక్షిణంగా సముద్రంలో కూలింది. ఎంపైర్ హెంచ్‌మన్ అనే వాణిజ్య నౌక అతన్ని ఎక్కించుకొని ఒడ్డుకు చేర్చింది. ఆగస్టు 25న అదే సముద్రంపై జరిగిన పోరులో పైలట్ ఆఫీసర్లు వైల్డ్‌బ్లడ్, హాగ్ తిరిగి రాలేదు. వారి దేహాలు దొరకలేదు. సెప్టెంబరు 26న డీన్స్‌లీ రెండవసారి సముద్రంలో పడ్డాడు. ఈసారి ఒక యుద్ధనౌక అతన్ని తీసుకొంది. ఒకే దళం, ఒకే జలభాగం, రెండు నెలల వ్యవధి. ఒకడు రెండుసార్లు బతికాడు, ఇద్దరు ఒక్కసారికే కనుమరుగయ్యారు. వైల్డ్‌బ్లడ్, హాగ్ నీటిని చేరేసరికి ప్రాణాలతో ఉన్నారో లేదో ఎవరూ చెప్పలేరు. డీన్స్‌లీ విషయంలో మాత్రం ఒక సంగతి స్పష్టం: మొదటిసారి అతన్ని బతికించినది వ్యవస్థ కాదు, అటుగా పోతున్న ఓడ.

బ్రిటన్ వద్ద రక్షణ సాధనాలు బొత్తిగా లేవనడం సరికాదు. 1931లో ప్లిమత్ వద్ద ఒక నీటివిమానం కూలడాన్ని వాయుసేనలో మారుపేరుతో సామాన్య ఉద్యోగిగా ఉన్న టి.ఇ. లారెన్స్ కళ్లారా చూశాడు. ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’గా మన ప్రేక్షకులకు పరిచితుడైన వ్యక్తి ఇతడే. అప్పటి రక్షక పడవల మందగమనం చూసి, పడవల నిర్మాత హ్యూబర్ట్ స్కాట్-పెయిన్‌తో కలిసి వేగవంతమైన నమూనాలపై కృషిచేశాడు. తరువాతి హైస్పీడ్ లాంచీలకు ఆ కృషి దారి వేసింది. అయితే 1940 వేసవిలో అవి చేతివేళ్లతో లెక్కపెట్టదగినన్ని మాత్రమే. ఎవరు ఎక్కడ కూలారో ఎవరికి తెలపాలి, ఎవరు వెదకాలి అన్న ఏర్పాటు అంతకన్న తక్కువ.

శత్రుపక్షం ఈ విషయంలో ముందుంది. జర్మన్ వాయుసేన 1935 నుండే సముద్రంలో కూలినవారి కోసం ప్రత్యేక విభాగం నడిపింది. దాని పైలట్లకు రబ్బరు పడవలు, నీటికి రంగు పట్టించే పొడి ఉండేవి. రెడ్‌క్రాస్ గుర్తు గల హైన్‌కెల్ 59 నీటివిమానాలు చానెల్‌లో వెదుకుతూ తిరిగేవి. అవి గూఢచర్యానికి కూడా పనికివస్తున్నాయన్న అనుమానంతో, వాటికి రక్షణ వర్తించదని 1940 జూలైలో బ్రిటిష్ ప్రభుత్వం ప్రకటించింది. ఆ తరువాత వాటిని కూల్చారు. ఆ నిర్ణయం యుద్ధనీతికి ఎంతవరకు తగినదన్న వాదం ఇప్పటికీ తెగలేదు. సముద్ర రక్షణను మానవీయ కర్తవ్యంగా కీర్తించిన 1954 నాటి చిత్రంలో దీని ఛాయ కూడా లేకపోవడం సహజమే. కాని పరిశోధకుడు దానిని చూడక తప్పదు. రక్షించేవానికీ శత్రువుకూ నడుమ గీత గీయడం చిత్రంలో కనిపించినంత సులభం కాదు.

5. వ్యవస్థగా మారిన నినాదం:

1940 జూలై, ఆగస్టు నష్టాల తరువాత మొదట లైసాండర్ విమానాలను అరువు తెచ్చి వెదుకులాటకు పెట్టారు. 1941 ఆరంభంలో సముద్ర రక్షణకు ప్రత్యేక డైరెక్టరేట్ ఏర్పడింది. పైలట్‌కు ఒంటరి రబ్బరు పడవ వచ్చింది. వాల్రస్ ఉభయచర విమానాలు వచ్చాయి. పడవల రూపశిల్పి ఊఫా ఫాక్స్ విమానం కడుపు కింద మోసుకుపోయి పారాచూట్లతో నీటిపైకి దించగల పడవను రూపొందించగా, 1943 నుండి దానిని వాడారు. యుద్ధం ముగిసేనాటికి ఈ విభాగం సుమారు 13,000 ప్రాణాలు కాపాడిందని లెక్క. చిత్రకథకు ఎన్నుకొన్న 1944 ఈ వ్యవస్థ పక్వమైన కాలం. అందువల్లనే చిత్రంలో సమస్య ‘ఎవరైనా వస్తారా’ అన్నది కాదు, ‘వేళకు చేరుతారా’ అన్నది. వైల్డ్‌బ్లడ్ కాలానికీ చిత్రంలోని నలుగురి కాలానికీ మధ్య దూరం నాలుగేళ్లే. ఆ నాలుగేళ్లలో ప్రశ్న మారిపోయింది.

యుద్ధం తూర్పుకు విస్తరించినప్పుడు ఈ వ్యవస్థ బంగాళాఖాతానికి ఆలస్యంగా చేరింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. ఆ రోజుల్లో బంగాళాఖాతంలో ఇరవైకి మించి వాణిజ్య నౌకలు మునిగాయి. ఈ సముద్రానికి ప్రత్యేకించిన 292వ రక్షణ స్క్వాడ్రన్ జెస్సోర్‌లో ఏర్పడినది 1944 ఫిబ్రవరిలో మాత్రమే. సామ్రాజ్యపు ఇంటి ముంగిట సముద్రానికి, పెరటి సముద్రానికి మధ్య మూడేళ్ల తేడా ఉంది. హైదరాబాదు స్క్వాడ్రన్లలో 110 ఆ నడుమనే, 1942లో, భారతదేశానికి వచ్చింది. 152 కూడా 1943 చివర వచ్చి బర్మా రంగంలో పోరాడింది. పేరు పెట్టిన దేశానికి దళాలు యుద్ధం మూలంగా రావడం ఒక విచిత్రం.

110వ స్క్వాడ్రన్ కథ అక్కడ ఆగలేదు. 1959లో కౌలాలంపూర్‌లో దానిని హెలికాప్టర్ దళంగా మళ్లీ ఏర్పరచారు. అడవుల్లో గాయపడినవారిని తరలించడం దాని పనులలో ఒకటి. 1971లో రద్దయింది. బాంబులు మోయడానికి నిజాం ఇచ్చిన పేరు ప్రాణాలు మోసే దళానికి అంటుకొని ముగిసిందన్నమాట. దీన్ని నిజాం గాని, ఆ పన్ను కట్టిన రైతు గాని ఊహించి ఉండరు.

6. తెలుగు తీరం - దొరకని విమానం:

నేడు విశాఖపట్నంలోని ఐ.ఎన్.ఎస్. డేగా నుండి నౌకాదళ హెలికాప్టర్లు, తీర రక్షక దళ నౌకలు ఈ పనిని చేస్తున్నాయి. తుఫానులో చిక్కిన మత్స్యకారులకు వీటి విలువ తెలిసినంతగా మెట్ట ప్రాంతవాసులకు తెలియదు. తెలుగు చలనచిత్రం మాత్రం ఇంతవరకు ఈ సిబ్బందిని కథాకేంద్రంగా పట్టించుకోలేదు. 2017లో సంకల్ప్ రెడ్డి తీసిన ‘ఘాజీ’ విశాఖ సముద్రగర్భాన్ని యుద్ధరంగంగా చూపింది. దాని విజయం ప్రశంసనీయమే. కాని అక్కడ కూడా నాయకుడు శత్రునౌకను ముంచేవాడే. నిరీక్షణను, వెదుకులాటను కథగా మలచడం కష్టం. గిల్బర్ట్ చిత్రాన్ని ఈ రోజుకూ చూడదగినదిగా నిలుపుతున్నది ఆ కష్టానికి పూనుకోవడమే.

వెదుకులాట ప్రతిసారీ చిత్రంలో వలె ముగియదు. 2016 జూలై 22న తాంబరం నుండి పోర్ట్ బ్లెయిర్‌కు బయలుదేరిన భారత వాయుసేన ఎ.ఎన్.32 విమానం 29 మందితో బంగాళాఖాతం మీద అదృశ్యమయింది. వారిలో ఎనిమిదిమంది విశాఖపట్నం నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులు. నౌకలు, విమానాలు వారాల తరబడి గాలించాయి. డైరెక్టరేట్లు, నినాదాలు, ఉపగ్రహాలు అన్నీ ఉన్న కాలంలో కూడా సముద్రం వారిని ఇవ్వలేదు. ఏడున్నరేళ్ల తరువాత, 2024 జనవరిలో, చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరంలో 3,400 మీటర్ల లోతున ఆ విమాన శకలాల ఛాయాచిత్రాలు లభించాయి. జాతీయ సముద్ర సాంకేతిక సంస్థకు చెందిన, మనిషి లేకుండా నడిచే జలాంతర వాహనం వాటిని తీసింది. ఈ ప్రకటన వెలువడేవరకు ఆ విశాఖ కుటుంబాలకు ‘వేళకు చేరుతారా’ అన్న ప్రశ్న కాదు, ‘ఎక్కడ’ అన్న ప్రశ్నే మిగిలింది. 1940 నాటి ఇళ్లకు మిగిలిన ప్రశ్న కూడా అదే.

సమాధి లేని వాయుసేన సభ్యుల కోసం లండన్ సమీపంలో రన్నీమీడ్ వద్ద నిర్మించిన స్మారకాన్ని 1953 అక్టోబరులో రెండవ ఎలిజబెత్ రాణి ఆవిష్కరించింది. జాన్ హారిస్ నవల వెలువడినది ఆ ఏడాదే. ఇరవై వేలకు పైగా పేర్లు అక్కడి రాతిపై ఉన్నాయి. ఆ పేర్లలో వైల్డ్‌బ్లడ్, హాగ్ ఉన్నారు. వారు ఎగిరిన దళం పేరులో హైదరాబాదు ఉంది.